థ్రిల్ అంటే బెజ్జం

గోపీకృష్ణకి తెలియని విషయం మీద మాట్లాడమంటే మహా హుషారు. తెలిసిన విషయమైతే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని భయం ఉంటుంది. తెలియనిదానికి ఆ బాధ లేదు కదా.

సింగపూర్ తంజోంగ్ పగార్‌లోని ఒక హాల్లో తెలుగువాళ్ళు నెలకోసారి కలుసుకుంటారు. పాటలు, పులిహోర అయ్యాక ఎవరో ఒకరు లేచి ఒక ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. ఇక్కడ పెరిగిన పిల్లలు తెలుగులో అడిగినా ఇంగ్లీషులోనే జవాబిస్తారు కాబట్టి, వాళ్ళకి తెలిసిన మాటతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి లాక్కురావాలని సంఘం అధ్యక్షుడు గురునాథం గారి ఎత్తుగడ. ఆ నెల వంతు గోపీకృష్ణది. మాట ‘థ్రిల్’. వారమంతా జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు పనుల్లో మునిగిపోయి ఆ సంగతే మరిచిపోయాడు. హాలుకి వస్తుంటే రైల్లో గుర్తొచ్చింది. దిగేలోపు ఒక కథ అల్లేశాడు.

థ్రిల్ అచ్చంగా మన మాటేనని మైకులో ప్రకటించాడు. మచిలీపట్నం రేవులో దిగిన ఇంగ్లీషు దొరలు మన పిల్లల తుళ్ళింతలు చూసి ముచ్చటపడి, ఆ మాటని ఓడలో వేసుకుని పోయారట. తుళ్ళు, తుళ్ళిల్, థ్రిల్ అంటూ వేళ్ళు మడిచి మరీ చూపించాడు. హాలంతా చప్పట్లు. వీడియో తీస్తున్న గురునాథం గారు ఆనందం పట్టలేక కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు వెనక వరసలో శర్మిల లేచింది.

శర్మిల మలేషియాలో పుట్టిన తెలుగమ్మాయి. ముత్తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి అక్కడి తోటల్లో పనికి వెళ్ళారు. ఆమె మాట్లాడేది తనతోనే ఉండే నాయనమ్మ పైడమ్మ నేర్పిన తెలుగు. వన్-నార్త్‌లో ఒక టీవీ కంపెనీకి సబ్‌టైటిల్స్ రాస్తుంది. గోపీకృష్ణ ఈ సమావేశాలకి వస్తున్నది పులిహోర కోసం కాదని, ఈ అమ్మాయి కోసమని అతని అక్క శ్రీలేఖ ఒక్కతికే తెలుసు.

“అది తెలుగు కాదండీ,” అంది శర్మిల మెల్లగా. “పాత ఇంగిలీసులో థ్రిల్ అంటే బెజ్జం సెయ్యడం. ముక్కుబెజ్జాన్ని నాస్ట్రిల్ అంటారు సూడండి, దాని సివర ఉన్నది ఆ మాటే.”

నిజానికి ఆ గొంతు వినడం కోసమే అతను నెలంతా ఎదురుచూసేవాడు. కానీ చప్పట్ల వేడి ఇంకా చల్లారలేదు. అందరూ తనవైపే చూస్తున్నారు. అలాంటప్పుడు మనిషికి బుర్ర కంటే నోరు ముందు పనిచేస్తుంది.

“ముందు మీరు తెలుగు నేర్చుకుని రండి మేడమ్. ఇంగ్లీషు తర్వాత నేర్పుదురుగాని.”

హాలు గొల్లుమంది. ముందు వరసలో ఎవరో “ముక్కుబెజ్జం సూడండి” అని ఆమె యాసలోనే అనేసరికి ఇంకో విడత నవ్వారు. శర్మిల కూర్చుంది. కాసేపటికి చూస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

తిరుగు రైల్లో గోపీకృష్ణ ఫోన్‌లో నిఘంటువు తెరిచాడు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. వెనకటికి థ్రిల్ అంటే గుచ్చడం, బెజ్జం పొడవడం. ఆ తర్వాత ఏ కబురో, ఏ చూపో మనసులోకి గుచ్చుకుపోతే దాన్నీ ఆ మాటతోనే చెప్పుకున్నారు. ఇవాళ మనం సినిమా టిక్కెట్టు దొరికినా థ్రిల్లే అంటున్నాం. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. మాట తప్పు చెప్పినందుకు సిగ్గు ఒక ఎత్తు. ఆ పిల్ల ఎంతో ఇష్టంగా మాట్లాడే తెలుగుని పదిమందిలో నవ్వులపాలు చేసినందుకు పడ్డ సిగ్గు ఇంకో ఎత్తు. ఇంటికి వెళ్ళి అద్దంలో మొహం చూసుకోబుద్ధి కాలేదు.

ఈలోగా గురునాథం గారు వీడియోని గ్రూపులో పెట్టేశారు. మెచ్చుకోళ్ళు వచ్చిపడుతున్నాయి. ఒక్కొక్కటీ చెంప మీద కొట్టినట్టుండేది. నిజం రాద్దామని టైపు చేసేవాడు, చెరిపేసేవాడు. తన పరువు పోతుందని భయం. దానికి అతను పెట్టుకున్న ముద్దుపేరు మొహమాటం.

సెలవు దొరికిన రోజున వన్-నార్త్ వెళ్ళాడు. ఆమె ఆఫీసు కింద ఉన్న ఫుడ్ కోర్టులో ఒక టేబులు వెతికి, ఎదుటి సీటు ముందు టిష్యూ పేకెట్టు పెట్టాడు. సింగపూర్‌లో సీటు చోప్ చెయ్యడానికి, అంటే పట్టిపెట్టడానికి, టిష్యూ పేకెట్టు చాలు, ఎంత రద్దీ ఉన్నా ఎవరూ కూర్చోరు. శర్మిల వచ్చింది. అతన్ని చూసి ఆగింది గానీ కూర్చోలేదు.

అతను సారీ చెప్పాడు. తప్పు తనదేనని, ఆమె చెప్పిందే నిజమని గొణిగాడు.

“ఇట్స్ ఓకే లా,” అంది ఆమె. మొహంలో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. “బట్ యూ లాఫ్డ్ ఎట్ మీ ఇన్ ఫ్రంట్ ఆఫ్ ఎవ్రీబడీ. సారీ ఈజ్ ఓన్లీ ఫర్ ఫుడ్ కోర్ట్, ఆ?”

తెలుగులో ఒక్క ముక్క లేదు. భోజనం ప్యాక్ చేయించుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయింది. ఆ టిష్యూ పేకెట్టు అలాగే ఉండిపోయింది. ఎవరో ఆంటీ ట్రే పట్టుకుని వచ్చి, దాన్ని చూసి, పాపం ఇంకో చోటు వెతుక్కుంది.

శ్రీలేఖ కూతురు కావ్యశ్రీకి ఏడాది నిండబోతోంది. చెవులు కుట్టించాలని ముహూర్తం పెట్టుకున్నారు. మన ఆనవాయితీ తెలిసిందే, పిల్లని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. గోపీకృష్ణకి సూదిని చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఇంకెవరైనా కూర్చుంటే కుదరదా అని అక్కని అడిగాడు. ఆవిడకి ఉన్నది ఒక్క తమ్ముడు, అతనికి అక్షింతలు ఫోన్‌లోనే పడ్డాయి.

ఆ ఆదివారం ఉదయం శ్రీలేఖ ఫ్లాటు కిటకిటలాడింది. ఆ రోజు హాల్లో నవ్విన వాళ్ళంతా ఉన్నారు. ముత్తయిదువ ఉండాలని శ్రీలేఖ కావాలనే పైడమ్మని పిలిచింది. ఆవిణ్ణి తీసుకుని శర్మిల కూడా వచ్చింది. గుమ్మంలో చెప్పులు సర్దుతున్న గోపీకృష్ణ భుజం మీద పైడమ్మ చెయ్యి వేసింది.

“బాబూ, మా మనవరాలు నాతో కూడా ఇంగిలీసే మాటాడతాందయ్యా. నాకు సగం అర్థం కాదు. ఎవులో ఏదో అన్నారట. ఎవులో మాత్రం సెప్పదు.”

గోపీకృష్ణ తల ఎత్తలేకపోయాడు. తన నోటి దూల ఒక ముసలావిడ చెవుల దాకా వచ్చి, ఆవిడకి ఇన్నేళ్ళూ తోడున్న మాటల్ని ఎత్తుకుపోయింది. పైగా ఆ పిల్ల తన పేరు కూడా బయటపెట్టలేదు.

గోపీకృష్ణని పీట మీద కూర్చోబెట్టి పిల్లని ఒళ్ళో పెట్టారు. సెరంగూన్ రోడ్డు నుంచి వచ్చిన చెవులు కుట్టే కేశవన్ అంకుల్ బంగారు తీగ తుడుచుకుంటున్నారు. ఈలోపు ఊరుకోవడం ఎందుకని గురునాథం గారు ఫోన్ ఎత్తి పట్టుకున్నారు.

“ఏమయ్యా, ఆ థ్రిల్ కథ ఇంకోసారి చెప్పు. ఆ రోజు రానివాళ్ళు వింటారు.”

అందరూ తిరిగారు. శర్మిల కిటికీ దగ్గర నిలబడి బయట వాన చూస్తోంది. ఒళ్ళో పిల్ల ఉంది కాబట్టి గోపీకృష్ణకి లేచి పారిపోయే వీలు కూడా లేదు.

“ఆ కథ నేను రైల్లో కల్పించాను అంకుల్,” అన్నాడు గోపీకృష్ణ. “థ్రిల్ మన మాట కాదు. శర్మిల గారు చెప్పిందే నిజం, థ్రిల్ అంటే బెజ్జం చెయ్యడం. నా తప్పు బయటపడుతుందని నవ్వుని ఆవిడ మీదికి తోశాను. తెలుగు నేర్చుకుని రమ్మన్నాను. నాలుగు తరాలు ఊరుగాని ఊళ్ళో దాచుకున్న తెలుగు అది. నాకు సిగ్గుగా ఉంది. ఆ వీడియో తీసెయ్యండి, లేదా దీన్ని కూడా దాని పక్కన పెట్టండి.”

ఆ రోజు ముందు వరసలో నవ్వినాయన తన పంచె అంచు చూసుకుంటున్నాడు. గురునాథం గారు ఫోన్ దించి, ఆ వీడియో మా వియ్యంకుడికి కూడా పంపించానే అని దీనంగా అన్నారు. అప్పుడు నవ్వారు అందరూ. ఈసారి ఆ నవ్వు గోపీకృష్ణ మీద పడింది. అతను తల వంచుకుని పడనిచ్చాడు.

కేశవన్ అంకుల్ ఆలస్యం చెయ్యలేదు. పిల్ల చెవి పట్టుకుని కుట్టేశారు. కావ్యశ్రీ కెవ్వుమంది. గోపీకృష్ణ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి అవి కూడా తడిగా ఉన్నాయి. సూది వల్ల అని సర్దుకుందామనుకున్నాడు గానీ, ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు.

ఎవరో వచ్చి ఎదురుగా కూర్చున్నారు. పిల్ల నోట్లో పటికబెల్లం ముక్క పెట్టి, బుగ్గ తుడిచి,

“ఏటీ కాదమ్మా,” అంది శర్మిల. “సిన్న బెజ్జమే. మీ మావకే ఎక్కువ నొప్పెట్టినట్టుంది, సూడు.”

వెనక కుర్చీలోంచి పైడమ్మ మనవరాలి వైపు చూసింది. తర్వాత పీట మీదున్న కుర్రాడి వైపు చూసింది. ఆవిడకి ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. రెండో చెవి కుట్టాక పైడమ్మే లేచి వచ్చి, పిల్ల నెత్తిన వేసిన అక్షింతల్లో నాలుగు గింజలు గోపీకృష్ణ నెత్తిన కూడా వేసింది.

భోజనాలయ్యాక వాన తగ్గింది. లిఫ్టు దాకా గొడుగు పట్టుకుని పైడమ్మనీ శర్మిలనీ సాగనంపడానికి వెళ్ళాడు. లిఫ్టు దాకా దారంతా పైకప్పు ఉంది, గొడుగు ఎందుకో అతనికే తెలియదు. శర్మిల దాన్ని చూసింది, నవ్వు రాకుండా పెదవి బిగబట్టింది. క్షమించారా అని అడుగుదామనుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆ నోరు సమయానికి మూసుకుని ఉంది.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. పైడమ్మ లోపలికి నడిచింది. శర్మిల ఒక అడుగు వేసి వెనక్కి తిరిగింది.

“బుధవారం మజ్జానం,” అంది. “ఆ టేబులు మీద టిష్యూ పేకెట్టు పెట్టీసి ఉంచండి. నానొస్తాను.”

తలుపులు మూసుకున్నాయి. గోపీకృష్ణకి బుధవారం ప్లాంటులో డ్యూటీ ఉంది. గొడుగు చంకలో పెట్టుకుని, ఆ లిఫ్టు ముందు నిలబడే సెలవు పెట్టాడు.