శాంతి కమిటీ కన్వీనర్

భవిత యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యడం లేదు.

ముందు తెల్ల వ్యాన్. అందులో శేషగిరి అంకుల్!

అమెరికాలో నవంబర్ కదా, సాయంత్రానికే హెర్న్‌డన్‌లో చీకటి పడిపోయింది. పైగా వాన. రోడ్డు సరిగ్గా కనపడి చావడం లేదు.

పక్క సీట్లో తండ్రి విశ్వనాథం. రిటైర్డ్ లెక్చరర్. కూతుర్ని చూడ్డానికని వచ్చాడు గానీ అసలు పని వేరు. సర్కారుకీ, అడవిలో తుపాకులు పట్టినవాళ్ళకీ మధ్య మాట మోసేది ఆయనే. హైదరాబాద్‌లో ప్రతి ఫోనూ ఎవడో ఒకడు వింటాడని ఇక్కణ్ణించి మాట్లాడుతున్నాడు.

ఏళ్ళ తరబడి శవాలు లేచాక, కాల్పులు ఆపి మాట్లాడుకుందామని ఇప్పటికి రెండు వైపులా ఒప్పుకున్నాయి. అడవి తరఫున మల్లయ్య బయటికొచ్చాడు. అక్కడ తెల్లారగానే అతని కోసం కారు వస్తుంది.

అంతవరకూ మల్లయ్య బతికుండాలి. లేకపోతే చర్చలూ లేవు, ఏమీ లేవు. మళ్ళీ శవాలే!

ఇండియా ఫోన్ వస్తే స్పీకర్‌లో పెట్టడం భవిత ఇంట్లో అలవాటు. ఇంట్లో ఉన్నవాళ్ళంతా పలకరించాలిగా! ఇందాక టీ తాగుతుంటే మల్లయ్య ఫోన్ వచ్చింది. విశ్వనాథం బెడ్రూంలోకి తీసుకెళ్ళి తలుపేశాడు. కానీ వేలు అలవాటుగా స్పీకర్ నొక్కింది. తాను ఏ ఊరు చేరుకున్నాడో మల్లయ్య చెప్పాడు.

తలుపవతల, టీకి వచ్చిన శేషగిరి... చేతిలో బజ్జీల ప్లేటు.

మరుక్షణం ప్లేటు టేబుల్ మీద, మనిషి ఇంటి ముందు డ్రైవ్‌వేలో. ఫోన్లో ఎవరికో ఆ ఊరి పేరే చెబుతున్నాడు. భవిత బయటికి రావడం చూసి వ్యాన్ ఎక్కేశాడు.

ఈయనే ఇక్కడి తెలుగువాళ్ళ శాంతి కమిటీకి కన్వీనర్! పార్కులో కొవ్వొత్తులు పంచింది ఈయనే. "కాల్పులు ఆపండి" అని మైకు పట్టుకుని ఏడ్చింది ఈయనే.

"మల్లయ్యకి ఫోన్ చెయ్యి నాన్నా. అక్కణ్ణించి వెళ్ళిపొమ్మను."

"మనం చెయ్యకూడదమ్మా. ఎప్పుడైనా అతనే చెయ్యాలి. మొదట్నుంచీ అనుకున్న మాట అది."

"మాట కోసం మనిషిని చంపుకుంటామా?"

విశ్వనాథం జేబులోంచి ఇండియాకి ఫోన్ చేసే కాలింగ్ కార్డ్ తీశాడు.

వ్యాన్ సడన్‌గా పెట్రోలు పోసే గ్యాస్ స్టేషన్‌లోకి తిరిగింది. భవిత వెనకే వెళ్ళి కారు అడ్డం పెట్టింది. తండ్రి నంబర్లు నొక్కుతూ ఉండగానే కిందికి దూకింది.

శేషగిరి అప్పటికే దిగి నిలబడ్డాడు. మొహంలో కంగారన్నది లేదు. తాపీగా కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఎందుకంకుల్?"

"మా తమ్ముడికి అడవివాళ్ళ నుంచి ప్రాణభయం ఉందని సర్కారు గన్‌మెన్‌ని ఇచ్చిందమ్మా. గొడవలు ఆగిపోతే వాళ్ళని తీసేస్తారు. వెనక గన్‌మెన్ లేకపోతే జిల్లాలో వాణ్ణి ఎవడు లెక్కచేస్తాడు?"

ఛీ! దీనికోసమా? తమ్ముడు కారు దిగితే వెనక ఇద్దరు తుపాకులతో పరిగెత్తాలి... అందుకని ఊళ్ళకి ఊళ్ళు ఏడవాలా? ఈ మనిషికా తను పండక్కి కాళ్ళకి దణ్ణం పెట్టింది?

"మీవాళ్ళు ఊళ్ళోకి వెళ్ళారా?" భవిత అడిగింది.

"పక్కనే తమ్ముడి క్వారీ. ఎప్పుడో దిగిపోయారు. కానీ ఏం లాభం? అన్ని ఇళ్ళలో మల్లయ్య ఎక్కడున్నాడో నాకేం తెలుసు?"

అంటూ ఆమె భుజం మీంచి కారు వైపు చూశాడు.

"నాన్నగారు ఫోన్ కలిపారా?"

నవ్వుతున్నాడు!

భవితకి అప్పుడర్థమైంది.

డ్రైవ్‌వేలో తనకి వినపడేలా మాట్లాడింది కావాలనే. వెంటపడనిచ్చిందీ కావాలనే. భయపడి తాము ఫోన్ చెయ్యాలి... అంతే! ఆ ఊరంతా నిద్రపోతోంది. చీకట్లో ఈయన తమ్ముడి మనుషులు చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. ఈ వేళప్పుడు ఫోన్ మోగేది ఒక్క ఇంట్లోనే!

"నాన్నా, పెట్టెయ్!"

పరిగెత్తి డోర్ లాగి ఫోన్ గుంజుకుంది. చెవికి ఆనించుకుంది.

అప్పటికే మోగడం ఆగిపోయింది. అవతల మల్లయ్య నిద్ర గొంతు...

"సార్... మీరు చేసిన్రేంది?"

"అన్నా, బయటికి పరిగె..."

ఢాం!