ఏనుగుగుంట దారి

2081 నాటికి రంపచోడవరం దాటి పైకి కార్లు వెళ్ళడం ఆగిపోయింది. తారు రోడ్లు తవ్వేసి కంకర పరిచారు. అడవి మళ్ళీ చిక్కబడింది. కొండలెక్కాలంటే నడవాలి, లేదా లావు టైర్ల గ్రావెల్ సైకిలు తొక్కాలి. దానికి మోటారు బిగించడం నేరం. అందువల్ల ఇంటింటా ఒక బాటసారథి ఉండేది.

బాటసారథి అరచేతిలో ఇమిడే యంత్రం. హ్యాండిల్‌కు బిగిస్తే తొక్కేవారి నాడిని, పెడలు మీద పడే బరువును, నోటివెంట వచ్చే మాటలను గ్రహిస్తుంది. అలా వేలమంది అనుభవాన్ని కలిపి, ఎవరి గుండె ఎంత ఎత్తుకు తట్టుకుంటుందో చూసి దారి గీస్తుంది. దాన్ని తయారుచేసిన శాస్త్రజ్ఞుల్లో సోమేశం ఒకడు.

ఆ ఉదయం అతను వదిన కాత్యాయని యాత్రకు దారి గీయిస్తున్నాడు. కిందటేడు ఆమె గుండెకు ఆపరేషన్ జరిగింది. బతికి బయటపడితే సైకిలు తొక్కుకుంటూ కొండమీది వనదుర్గమ్మ దర్శనానికి వస్తానని మొక్కుకుంది. గుండె మరీ వేగంగా కొట్టుకుంటే మాత్రం వెనక్కి తిరగాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు.

యంత్రం కొండ నిట్టనిలువుగా ఎక్కే ఘాట్ దారి మీదుగా గీత గీసి, "ఈ ఎక్కుడు మీ గుండెకు తగదు. యాత్ర మానుకోండి" అంది.

"పక్కన ఏనుగుగుంట లోయ ఉందిగా! అటు గీయమను" అంది కాత్యాయని.

"అది పాడైన దారని ఇదే చెప్పింది వదినా. వెళ్ళినవాళ్ళంతా అదే అన్నారు."

"మరి వెళ్ళినవాళ్ళే మళ్ళీ ఎందుకు వెళ్తున్నారయ్యా? మా ఎదురింటి సుభాషిణి ఏటా వెళ్తుంది. మెట్లెక్కడానికే మూలిగే మనిషి."

"నీకన్నీ అనుమానాలే. అన్నయ్య ఎలా వేగుతున్నాడో!"

"ఆయనే చెప్పించాడా ఏంటి, నన్నింట్లో కూర్చోబెట్టడానికి?"

"అమ్మవారి తోడు, లేదు. కావాలంటే దీన్నే అడుగుతా." సోమేశం యంత్రం వైపు వంగాడు. "ఏనుగుగుంటలో తొక్కేవారి నాడి ఎలా ఉంటోంది?"

"నెమ్మదిగా."

"పెడలు మీద బరువు?"

"చాలా తేలిక."

సోమేశం ముఖం చిన్నబోయింది. "మరి పాడైందని ఎందుకు చెప్పావు?"

"వాళ్ళలా చెప్పారు కాబట్టి. చంటిబిడ్డ ఎంత ముద్దొస్తున్నా, దిష్టి తగులుతుందని బాగున్నాడనరు కదా మీరు. దారినీ అలాగే దాచుకుంటున్నారని గ్రహించాను. నేనూ దాచాను."

"యంత్రానికి దిష్టి కూడా నేర్పావటయ్యా!" కాత్యాయని పకపకా నవ్వింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. "నాలాంటి జబ్బు మనుషులు ఎంతమంది మొక్కు తీర్చుకోలేక ఊరుకున్నారో! ఇది పాపం కాదూ? నేను వెళ్ళొచ్చి అందరికీ చెప్తాను."

ఆమె వెళ్ళింది. లోయలో కంకర మెత్తగా అణిగి ఉంది. వెదురు నీడ తలమీద నుంచి తొలగలేదు. దారి పక్కనే వాగు. ఎదురుగా ఒక్క మనిషీ రాలేదు. తన ఊపిరి తనకే వినిపిస్తుంటే అమ్మవారు పక్కన నడుస్తున్నట్టనిపించి కళ్ళు చెమర్చాయి. అలసట తెలియకుండానే గుడి మెట్ల దగ్గర దిగింది.

అక్కడ ఘాట్ ఎక్కి వచ్చిన ఒక అమ్మాయి రొప్పుతూ కూర్చుని ఉంది.

"అక్కా, లోయ వైపు నుంచి వచ్చారా? దారెలా ఉంది? మా అమ్మకి గుండె ఆపరేషన్ అయింది. ఒక్కసారి ఇక్కడికి తీసుకురమ్మని ఏడుస్తోంది."

కాత్యాయని నోరు తెరిచింది. కళ్ళ ముందు ఆ వాగు, ఆ నీడ, వాటి నిండా సైకిళ్ళు, అరుపులు, తినిపారేసిన పొట్లాలు కనిపించాయి.

"వద్దమ్మా. అన్నీ రాళ్ళూ ముళ్ళూ. సగం కొట్టుకుపోయింది."

అమ్మాయి ఆమె ముఖం వైపు చూసింది. చెమట లేదు. సైకిలు వైపు చూసింది. గీత కూడా పడలేదు.

"నిజంగానా అక్కా?"

కాత్యాయని కొబ్బరికాయ కోసం సంచిలో వెతుక్కుంటోంది. హ్యాండిల్ మీది యంత్రం ఎవరూ అడగకుండానే మర్యాదగా బదులిచ్చింది.

"నిజమేనండీ. నాడి చూశాను కదా, ఆవిడ చాలా కష్టపడి వచ్చారు."