నవ్వని శవం

ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే అడ్డదారిలో, బండల మధ్య, ఒక సారా దుకాణం ఉండేది. ముందు గోడే తప్ప వెనక ఏమీ లేని దుకాణం. అందులో ఎవరూ ఏనాడూ చుక్క తాగలేదు. అయినా చీకటి పడ్డాక అటు వెళ్లడానికి పీకలదాకా తాగినవాళ్లకు కూడా ధైర్యం చాలేది కాదు.

అది సినిమా సెట్టు. అమెరికాలో మద్యం బందుపెట్టిన రోజుల్లో దొంగసారా ముఠాలు ఒకరినొకరు కాల్చుకునే కథ. నల్లకోట్లు, టోపీలు, ఎవరో నవాబుగారింట్లో మూలపడ్డ మోటారు కారు. అంతటితో ఊరుకుంటేనా? జనం గుర్రాల సినిమాలకు ఎగబడుతున్నారని దర్శకుడు గుర్రాలను కూడా దించాడు. అవి నిన్నమొన్నటి దాకా టాంగాలు లాగినవి. తుపాకీ పేలినా పరుగెత్తేవి కావు, సవారీ మనిషి దిగుతాడేమోనని నిలబడిపోయేవి.

సీసాల్లో విస్కీ పేరుతో చల్లారిన టీ నీళ్లు. కూతవేటు దూరంలో కల్లు కంపౌండు కిటకిటలాడుతుంటే, ఇక్కడ చుక్క కోసం చచ్చిపోతున్నారు పాపం.

సగం తీశాక నిర్మాత చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. సెట్టు మిగిలింది... అందులోకి దెయ్యం దిగింది.

టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడుతుందట. దారిన పోయేవాళ్లను చెయ్యెత్తి పిలుస్తుందట. నాచారం ఫ్యాక్టరీల్లో రెండో షిఫ్టు దిగినవాళ్లు అడ్డదారి మానేసి, చుట్టు తిరిగి ఇళ్లకు పోయేవారు.

ఉప్పల్ ఫొటో స్టూడియో జనార్ధనరావుకు మాత్రం ఇదంతా నవ్వులాట. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. దెయ్యం ఫొటో అని తన దగ్గరికి వచ్చినవన్నీ ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీసిన చేతగాని పనులేనని కొట్టిపారేసేవాడు. ఆ రాత్రి నాచారంలో పెళ్లి ఫొటోలు తీసి, మెడలో కెమెరా, సంచిలో మిగిలిన ఒక్క ఫ్లాష్ బల్బుతో సైకిలెక్కాడు. అడ్డదారే పట్టాడు.

సరిగ్గా బండల దగ్గర చైను ఊడింది. ఇలాంటి చోట కాక ఇంకెక్కడ ఊడుతుంది?

వంగి ఎక్కిస్తుంటే... టప్... టప్... దుకాణం తలుపు రెక్కలు కొట్టుకుంటున్నాయి. గాలి లేదు.

తలెత్తాడు. గుమ్మంలో టోపీ. టోపీ కింద నల్లకోటు. కోటు మీద, గుండె దగ్గర — ఎర్రటి మరక.

జనార్ధనరావు చేతులు చైనును వదిలేశాయి గాని, కాళ్లు నేలను వదల్లేదు.

"సార్..." అంది ఆ ఆకారం గుసగుసగా. "ఉరకకుండ్రి. జర ఆగుండ్రి. గది కెమెరానే గద?"

దెయ్యానికి కెమెరాతో ఏం పనో తోచక జనార్ధనరావు తలూపాడు. ఆకారం టోపీ తీసింది. కింద మామూలు బట్టతల.

పేరు అబ్బయ్య. పగలు మందుల ఫ్యాక్టరీలో మూటలు మోస్తాడు. ఆ సినిమాలో ముఠామనిషి వేషం వేశాడు. గుమ్మంలో గుండు తగిలి పడిపోవడమే వేషమంతా. అతనూ, బుచ్చిబాబు అనే ఇంకో వేషగాడూ పక్కపక్కనే చచ్చారు.

సినిమావాళ్లకు ఒక పట్టింపు ఉంది. శవంగా పడుకున్నవాణ్ణి లేపి, కెమెరా ముందు ఒకసారి నవ్విస్తారు. అలా నవ్వకపోతే, ఆ చావు మనిషిని వెతుక్కుంటూ వస్తుందని భయం. చచ్చిన చోటనే, చచ్చిన బట్టల్లోనే నవ్వాలని అబ్బయ్యకు ఎవరో చెప్పారు. ఆ రోజు వాన పట్టుకోవడంతో, ఇద్దరినీ రేపు నవ్విద్దాం లెమ్మన్నాడు దర్శకుడు. ఆ రేపు రానేలేదు.

"నెల తిరగకముందే బుచ్చిబాబన్న పచ్చకామెర్లయ్యి పోయిండు సార్. ఇగ నా వంతు." అన్నాడు అబ్బయ్య. "మా చర్చి పాస్టరుగారు ప్రార్థన జేసిన్రు. గని సినిమా సంగతి ఆయనకేం ఎరుక? ఇద్దరు ఆడపిల్లలున్నరు నాకు. ఎవలనన్న అడుగుదామని రోజు ఈడ నిలవడుతున్న. సూడంగనే ఉరుకుతున్నరు."

జనార్ధనరావుకు నవ్వు రావలసింది. రాలేదు. ఎదుటి మనిషి నిజంగానే చచ్చిపోతానని నమ్ముతున్నాడు. బల్బు బిగించి, నిలబడమన్నాడు.

తీరా చూస్తే అబ్బయ్యకు నవ్వే రాదు. పళ్లు బయటపెడితే ఏడుస్తున్నట్టుంది. నవ్విద్దామని టాంగా గుర్రాల గురించి అడిగినా లాభం లేకపోయింది. ఉన్నది ఒక్క బల్బు... జనార్ధనరావు విసుగెత్తి కెమెరా దించబోయాడు.

అంతలో అబ్బయ్య, చెవిలో ఎవరో ఏదో అన్నట్టు, పక్కకు తిరిగి ఫక్కున నవ్వాడు. ఫ్లాష్ వెలిగింది.

రెండు రోజులకు అబ్బయ్య స్టూడియోకు వచ్చాడు. జనార్ధనరావు ఫొటో చేతికివ్వకుండా, ఆ రాత్రి అంతలా ఎందుకు నవ్వొచ్చిందని అడిగాడు. బుచ్చిబాబన్న యాదికొచ్చిండన్నాడు అబ్బయ్య.

జనార్ధనరావు అప్పుడు ఫొటో బల్ల మీద పెట్టాడు. రెండుసార్లు తీసిన ఫిల్ము కాదు. రీలంతా వెతికాడు, పెళ్లివారిలో టోపీవాడు ఒక్కడూ లేడు.

గుమ్మంలో ఇద్దరున్నారు. అబ్బయ్య నవ్వుతున్నాడు. అతని భుజం మీద చెయ్యేసి, టోపీ వెనక్కి నెట్టి, ఇంకొకడు అంతకంటే గట్టిగా నవ్వుతున్నాడు.

అబ్బయ్య ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. భయపడలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

"పాపం, ఆయన గూడ నవ్వాలె గద సార్. ఇంకో కాపీ తీయుండ్రి... ఆయన పెండ్లానికి ఇస్త."