పన్నెండో పేరు

పొద్దున్నే మబ్రూకా పెరట్లో మట్టి తొక్కుతోంది. పాత పెంకులు దంచిన పొడి చల్లుకుంటూ, మడమతో నొక్కి నొక్కి తొక్కుతోంది. లోపల ఆమె కొడుకు లమ్జద్ అద్దం ముందు టై బిగించుకుంటూ ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు.

"సముదాయమే మా సారథి... స్త్రీల సాధికారతే మా ఊపిరి..."

"ఊపిరాడక ముఖం ఎర్రబడింది. ఆ టై కాస్త వదులు చేసుకో" అంది భార్య జొహ్రా, రొట్టె కాలుస్తూ.

లమ్జద్ వినిపించుకోలేదు. ఆ అలవాటు అతనికి మొదటినుంచీ తక్కువే. రెండేళ్ళ క్రితం ట్యూనిస్‌లో మూడు రోజుల సదస్సుకి వెళ్ళి, మెళ్ళో పేరు బిళ్ళతో తిరిగొచ్చాక ఉన్నది కూడా పోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్న కుండలూ మట్టిబొమ్మలూ అతని కంట పడింది ఆ సదస్సులోనే. రాగానే సంఘం పెట్టాడు. తను అధ్యక్షుడు, బావమరిది కార్యదర్శి. ఊరివాళ్ళే నడుపుకునే కళలకు సాయం చేసే నిధి ఒకటుందని తెలిసి దరఖాస్తు పెట్టాడు. మొదటి విడత వచ్చింది. ఆడవాళ్ళు అడిగింది వానలో తడవకుండా ఒక రేకుల పాక. వచ్చినవి ఒక కరెంటు బట్టీ, ఒక పెద్ద బోర్డు. బోర్డు మీద నవ్వుతూ లమ్జద్.

నిధి తరఫున ఇన్సాఫ్ మేడమ్ ఈ రోజే చూడ్డానికి వస్తోంది. ఆవిడ సరేనంటే ఇంకో మూడేళ్ళు లమ్జద్‌దే రాజ్యం.

వాళ్ళ కూతురు, పదహారేళ్ళ ధిక్రా రొట్టె ముక్క పట్టుకుని మూలన కూర్చుంది. దరఖాస్తులోని చేతిరాత ఆమెదే. తండ్రి చెబుతుంటే రాసింది. శిక్షకుడు: లమ్జద్. నేర్చుకునేవాళ్ళు: పన్నెండు మంది స్త్రీలు. పన్నెండో పేరు దగ్గర కలం ఆగిపోయింది. "రాయవే, కాగితాల పద్ధతి అంతే" అన్నాడు తండ్రి. రాసేసింది. ఆ తర్వాత నానమ్మ "నా మనవరాలి రాత చూడండర్రా, ముత్యాలే" అని ఎవరితో అన్నా ధిక్రా చేతులు వెనక్కి దాచుకునేది.

లమ్జద్ పెరట్లోకి వచ్చాడు. "అమ్మా, ఈ రోజు పేడ మంట పెట్టకు. నీ కుండలన్నీ బట్టీలో కాల్చేశాను. మేడమ్ చేతే తలుపు తీయిస్తా."

మబ్రూకా కాలు ఆగింది. "చల్లారిపోయాక తీస్తావా?"

"వేడి మీద తీయకూడదని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది."

"మరి నలుపు గీతలో?"

"ఆకు రసమేగా! నేనే పూస్తాను."

ఆమె అతన్ని టై నుంచి బూట్ల దాకా ఓసారి చూసింది. "పుస్తకంలో ఉంటే ఇంకేం. కానీయ్" అని మళ్ళీ మట్టి తొక్కసాగింది.

ఇన్సాఫ్ పది గంటలకి వచ్చింది. లమ్జద్ ఉపన్యాసం పూర్తిగా విన్నది, వాచీ చూసుకోకుండా. బట్టీ తలుపు తీశారు. లమ్జద్ ఒక కుండ పైకెత్తి, ఆకు రసంలో కుంచె ముంచి, "ఇదీ మా ప్రాచీన నలుపు" అంటూ గీత గీశాడు. గీత పచ్చగా ఉండిపోయింది. కాసేపటికి జారి అతని చొక్కా చేతిలోకి దూరింది.

"నల్లబడేది ఎప్పుడు?" అంది ఇన్సాఫ్.

"ఎండ తగలాలి మేడమ్..."

గోడ పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు తలగుడ్డలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మంటలోంచి తీసిన కుండ మీద, బుసలు కొడుతున్నప్పుడే గీయాలని ఆ ఊళ్ళో ఆరేళ్ళ పిల్లకైనా తెలుసు.

ఇన్సాఫ్ ఫైలు తెరిచింది. "ఈ కాగితం వీళ్ళకి ఎవరైనా చదివి వినిపించారా?"

"వాళ్ళకి చదువు రాదు మేడమ్. అర్థం కాదు."

"నేను చదువుతాను."

బయటివాళ్ళ ముందు ఎన్నడూ నోరు విప్పని ధిక్రా గొంతు అది. తండ్రి కళ్ళెర్ర చేశాడు. ఆమె అటు చూడలేదు. "రాసింది నేనే. నేనే చదవాలి."

ఒక్కో పేరూ చదివింది. చివరికొచ్చేసరికి తలెత్తి నానమ్మ వైపు చూసింది. "పన్నెండు... మబ్రూకా. ప్రాథమిక స్థాయి."

"అంటే ఏంటే?"

"ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్ళు, నానమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మబ్రూకా మట్టి చేతులు తుడుచుకోకుండానే కొడుకు ముందుకొచ్చింది.

"నీ బడి బూట్లు ఈ మట్టేరా. రోడ్డు పక్కన బొమ్మలు పరుచుకుని కూర్చునేదాన్ని. నీ బడి బస్సు వచ్చిందంటే నువ్వు తల అటు తిప్పుకునేవాడివి. చూడలేదనుకున్నావా? చిన్నవాడు, సిగ్గుపడుతున్నాడులే అనుకున్నా. ఇప్పుడు మట్టికి డబ్బులొస్తాయనేసరికి మట్టి ముద్దొచ్చింది. తల్లి మాత్రం ఇంకా సిగ్గే."

"అది కాదమ్మా... నీ పేరు పైన పెడితే, చదువు రాదని నవ్వుతారేమోనని..."

"ఎవర్ని చూసి? నన్నా, నిన్నా?"

లమ్జద్ పచ్చటి చేతుల్లో ముఖం దాచుకుని, తన బోర్డు కిందే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇన్సాఫ్ ఫైలు మూసింది. "ఇది చెల్లదు. నెలలోగా వీళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి. డబ్బు వస్తుందని మాత్రం నేను మాటివ్వలేను."

కారు వెళ్ళిపోయాక మబ్రూకా పేడ మంట రాజేసి, బట్టీలోంచి వచ్చిన కుండనొకదాన్ని అందులో పెట్టింది. అది ఎర్రగా కాలాక కర్రతో బయటికి లాగి, ఆకు రసంతో గీత గీసింది. సుయ్‌మంటూ పొగ లేచింది. గీత కాటుకలా నల్లబడింది.

"కొత్త కాగితం తీయి" అంది మనవరాలితో. "మొదట పాక రాయి. బోర్డు అక్కర్లేదని కూడా రాయి. నేర్పేవాళ్ళు పన్నెండు మంది."

ధిక్రా కళ్ళు తుడుచుకుంది. "నేర్చుకునేవాళ్ళు, నానమ్మా?"

మబ్రూకా బోర్డు వైపు చూసింది.

"లమ్జద్. మబ్రూకా కొడుకు. ప్రాథమిక స్థాయి."

ఈసారి కలం ఆగలేదు. బోర్డు కింద కూర్చున్నవాడు మెల్లగా టై విప్పాడు. బూట్లు విప్పాడు. వచ్చి మట్టిలో కాలు పెట్టాడు, బురదకి భయపడే పిల్లిలా.

"మునివేళ్ళతో కాదురా" అంది తల్లి, అతని భుజం పట్టుకుని. "మడమతో తొక్కు."