తడబడని మెషిన్

ఏజెంట్ లింగాన్ని ఇస్నాపూర్‌లోని కిరాయి గదిలో చంపేశారు.

ఇంటెలిజెన్స్ చీఫ్ త్రినాథరావు కారులోనే బ్రీఫింగ్ ఇచ్చాడు. మన మందుల మీద ప్రపంచానికి నమ్మకం పోవాలని ఓ విదేశీ ముఠా పిల్లల జ్వరం సిరప్‌లో విషం కలిపిస్తోందని లింగం అనుమానం. కానీ ఆ సిరప్ తయారయ్యే జిన్నారం ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ప్రతి రిపోర్టూ పాస్. లోపలున్న మన ఇన్ఫార్మర్, క్వాలిటీ మేనేజర్ శ్రీదివ్య కూడా అంతా సవ్యమే అంటోంది. సాయంత్రం సిరప్ లారీ కదిలేలోగా రుజువు కావాలి. రుజువు దొరకగానే కమాండోలకు చెప్పాల్సిన కోడ్‌వర్డ్: ‘చాయ్ సల్లారింది’.

ఏజెంట్ జయంత్ తలూపాడు. ఒకే కంచంలో తిన్న స్నేహితుడు పోతే ఏడుపు రావాలి. రాలేదు. మనసు మొద్దుబారిపోయింది.

మెషిన్ల కొలతలు సరిచూసే కాలిబ్రేషన్ ఇంజినీరు వేషం, పెన్నులో ట్రాన్స్‌మిటర్. నెమలికంఠం రంగు చీరలో శ్రీదివ్య నవ్వుతూ ఎదురొచ్చింది. చాయ్ తెప్పించి, ఒకే సిరప్‌ని మళ్లీ మళ్లీ టెస్ట్ చేసి చూపించింది. ప్రతిసారీ అదే అంకె, ఆఖరి దశాంశం దాకా. గోడవతల కంప్రెసర్ దడదడకి గ్లాసులో చాయ్ వణుకుతోంది. మెషిన్ మాత్రం చలించలేదు.

జయంత్‌కి అక్కడే తేడా కొట్టింది. ఎంత ఖరీదైన మెషినైనా ఆఖరి అంకె దగ్గర కాస్త తడబడుతుంది. ఎంత తడబడుతుందో ఒప్పుకునే రిపోర్టునే నమ్మాలి. ముఠా ఆ తడబాటునూ తుడిచేసింది. అతి తెలివంటే అదే మరి.

ఆమె ఫోన్ మాట్లాడ్డానికి బయటికెళ్లగానే సిరప్ సీసా తీసి, చాయ్ చుక్కలు పోసిన సీసా పెట్టాడు. అదే అంకె. పాస్.

వెనక పిస్టల్ క్లిక్‌మంది.

“లింగం గూడ గిట్లనే ఎక్కువ సూసిండు,” అంది శ్రీదివ్య.

జయంత్‌కి భయమూ వేయలేదు. “మీ మెషిన్ చాయ్‌ని గూడ పాస్ చేసింది మేడమ్,” అన్నాడు నిదానంగా. “చాయ్ సల్లారింది.”

ఆమె చూపు గ్లాసు మీదికి మళ్లింది. ఆ రెప్పపాటులో చెయ్యి మెలిపెట్టి పిస్టల్ లాక్కున్నాడు. పెన్నులోంచి ఆ మాట విన్న కమాండోలు బయట అడ్డుపడి లారీని ఆపేసరికి దాని ముందు చక్రాలు అప్పటికే గేటు దాటాయి.

బేడీలతో ఆమెను తీసుకెళ్లారు. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఫోన్ మోగింది.

“సిరప్‌లో విషం ఉన్నట్టు నూటికి నూరుపాళ్లు ఖాయమేనా?” అడిగాడు చీఫ్.

“నూటికి నూరనేది ఆ మెషిన్ సార్. నేనైతే తొంభైతొమ్మిదంటా.”