అమ్మమ్మ చెప్పిన గొప్పలు

"నవ్వకండి" అన్నాడు గులేద్ కెమెరా వెనకనుంచి.

దహబో అమ్మమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తప్పు ఆవిడది కాదు. గులేద్ వెనక నిలబడి మనవరాలు సగల్ అచ్చం అతనిలాగే వంగి, ఒక కన్ను మూసి, బుగ్గలు పూరించి వెక్కిరిస్తోంది మరి.

"అమ్మమ్మగారూ, పాస్‌పోర్ట్ ఫోటోలో పళ్ళు కనిపిస్తే తిప్పి పంపేస్తారు."

"అవి నా పళ్ళు కావు నాయనా, కట్టుడువి. వాటికి పాస్‌పోర్ట్ అక్కర్లేదులే."

గులేద్ చటుక్కున వెనక్కి తిరిగాడు. సగల్ పూరించిన బుగ్గలతో అలాగే దొరికిపోయింది.

"మీరు బయట నిలబడండి."

"బయట ఎండ మండిపోతోంది."

"కార్డిఫ్ వాళ్ళకి ఎండ మంచిదే. ఏడాదంతా వానలో నానుతుంటారుగా."

"కార్డిఫ్ అని ఎవరు చెప్పారు మీకు?"

"సోమాలీని ఇంత పొగరుగా మాట్లాడేది అక్కడివాళ్ళే."

సగల్ బయటికి వెళ్ళింది. వెళ్ళి, అద్దంలోంచి మళ్ళీ వెక్కిరించింది. హర్గీసా బజారులో ఆ స్టూడియో చాలా చిన్నది. అతను నవ్వితే మాత్రం వీధి చివరిదాకా వినిపించింది.

మర్నాడు ఫోటోలు తెచ్చుకోవడానికి సగల్ ఒక్కతే వెళ్ళింది. ఆ తర్వాత తన ఫోటో కావాలని వెళ్ళింది. అది బాగా రాలేదని మళ్ళీ వెళ్ళింది. అమ్మమ్మతో సొంతూరికి వచ్చిన ఆ సెలవుల్లో ఆమె తీయించుకున్న ఫోటోలతో ఒక వాడకంతా పాస్‌పోర్టులు ఇప్పించవచ్చు. సంగతి గ్రహించిన అమ్మమ్మ, గులేద్ వాళ్ళ మేనమామల్ని టీకి పిలిచింది. సెలవులు ముగిసేలోపే నికా అయిపోయింది. చేతుల గోరింట వెలిసిపోకముందే సగల్ అమ్మమ్మతో కలిసి మళ్ళీ కార్డిఫ్ విమానం ఎక్కింది.

కార్డిఫ్‌లో సగల్ పసిపిల్లల బడిలో ఒంటిపూట పని చేస్తుంది. మిగతా పూటంతా అమ్మమ్మతోనే. కీళ్ళవాతం ఆవిడ వేళ్ళనీ మోకాళ్ళనీ ఎప్పుడో బిగించేసింది. మంచం మీంచి లేపాలి, స్నానం చేయించాలి, బొత్తాలు పెట్టాలి, మేజోళ్ళు తొడగాలి. అమ్మమ్మకి ప్రభుత్వం భత్యం ఇస్తుంది. ఆవిణ్ణి చూసుకుంటున్నందుకు సగల్‌కి కూడా కొంత వస్తుంది.

వీసా సంగతి కనుక్కుందామని వకీలు మిస్ ప్రిచర్డ్ దగ్గరికి వెళ్ళినప్పుడు సగల్ ఆ మాట చెప్పలేక చెప్పలేక చెప్పింది.

"నా జీతం చాలదని తెలుసు. పైగా గవర్నమెంటు డబ్బు కూడా తీసుకుంటున్నాను. ఇంక భర్తని పిలిపించుకోనివ్వరేమో కదండీ?"

"ఎవరన్నారమ్మా? మనిషిని చూసుకుంటూ ఆ భత్యం తీసుకునేవాళ్ళకి జీతం ఇంత ఉండాలన్న షరతే లేదు. మీ ముగ్గురూ బతకడానికి సరిపోతుందని చూపిస్తే చాలు. వచ్చాక అతను మాత్రం తన పేరున ఏ భత్యమూ అడగకూడదు."

"అంటే, ఈ డబ్బు నాకు అడ్డం కాదా?"

"అడ్డమా? మీకు దారి ఇచ్చిందే అది!"

సగల్ ఇంటికి ఎగురుకుంటూ వెళ్ళింది. అయినా గులేద్‌కి మాత్రం చెప్పలేదు. "బడిలో పని" అంటే అతను టీచరు అనుకున్నాడు. అనుకుని ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని గవర్నమెంటు డబ్బు అంటుంది? "కాగితాలన్నీ నేను చూసుకుంటాలే" అని ఊరుకుంది.

గులేద్‌కి ఒక్కటే అర్థమయ్యేది కాదు. రోజూ ఫోన్లో సరిగ్గా మాట తియ్యగా అయ్యే వేళకి సగల్ "ఆగు, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తుంది. మళ్ళీ చేసేసరికి రొప్పుతూ ఉంటుంది.

"పరిగెత్తుతున్నావా?"

"లేదే."

"మరి?"

"ఇక్కడ చలి ఎక్కువ" అనేది.

చలికి ఎవరైనా రొప్పుతారా? అతనికి అనుమానం మొదలైంది.

ఇంతలో అమ్మమ్మ భత్యం గడువు దగ్గరపడింది. ఆవిణ్ణి చూసి వెళ్ళడానికి ఆఫీసునుంచి ఒకామె ఇంటికి వచ్చింది. అమ్మమ్మ ఆ పొద్దున జరీ అంచు దిరాక్ గౌను తొడిగించుకుని, కాటుక పెట్టించుకుని, గదినిండా సాంబ్రాణి వేయించి మహారాణిలా కూర్చుంది.

"టీ చాలా బాగుందండీ" అంది వచ్చినామె.

"నేనే పెట్టాను" అంది అమ్మమ్మ.

చేతిలో పళ్ళెంతో సగల్ కొయ్యబారిపోయింది.

"స్నానానికి ఎవరైనా సాయం చేస్తారా?"

"నేనేమైనా పసిపిల్లనా తల్లీ?"

"మెట్లు ఎక్కగలరా?"

"మెట్లంటే నాకు సరదా."

"అమ్మమ్మా!" అంది సగల్.

"నువ్వుండు. ఇంకో అట్టు వేసుకో తల్లీ, తేనె పోసుకుని తిను."

వచ్చినామె అట్టు తిని, అన్నీ రాసుకుని వెళ్ళింది. కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది. అమ్మమ్మ భత్యం ఆగిపోయింది. దానితోపాటు సగల్‌ది కూడా ఆగిపోతుంది. ఇంక గులేద్ రావాలంటే ఆమె రోజంతా ఉద్యోగం చెయ్యాలి. చేస్తే అమ్మమ్మని ఎవరు లేపుతారు?

సగల్ అమ్మమ్మని ఏమీ అనలేదు. ఎప్పట్లాగే అన్నం తినిపించింది, తల దువ్వింది. మాట మాత్రం లేదు. దహబో అమ్మమ్మకి తిట్లంటే లెక్కలేదు కానీ ఇది మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

గులేద్‌తోనూ ముక్తసరిగానే మాట్లాడింది.

"వీసా ఆలస్యమవుతుంది."

"ఎందుకు?"

"అవుతుంది, అంతే."

"సగల్, ఒకటి అడుగుతాను. ఇంకెవరైనా ఉన్నారా?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు సగల్ బడికి వెళ్ళిన వేళ చూసి గులేద్ అమ్మమ్మకి ఫోన్ చేశాడు.

"అమ్మమ్మా, దాచకుండా చెప్పండి. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరి దగ్గరికి వెళ్ళిపోతుంది సగల్?"

"ఎవరి దగ్గరికేమిటి? నా దగ్గరికే. నేను పిలుస్తాను, అది వచ్చి నన్ను లేపుతుంది. నాకేమైనా బరువు తక్కువా!"

ఆ తర్వాత అమ్మమ్మ మొత్తం చెప్పేసింది. భత్యం, వకీలు, అట్టు తిన్నామె, ఉత్తరం, అన్నీ.

"నిన్ను రప్పించుకోడానికి దానికి ఆధారమైన డబ్బుని నా నోటితో నేనే పోగొట్టాను నాయనా. ఎవరో తెలియని మనిషి ముందు, నా మేజోళ్ళు కూడా నేను తొడుక్కోలేనని ఎలా చెప్పను? మా ఆయన ఓడమీద పనికి వెళ్ళిన రోజుల్లో ఐదుగురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచినదాన్ని నేను."

గులేద్ వెంటనే అందుకున్నాడు. "అయితే మీ గురించి ఒక్క ముక్క కూడా చెప్పకండి. మళ్ళీ పరిశీలించమని అడిగితే వాళ్ళే ఫోన్ చేస్తారుగా? అప్పుడు మీ మనవరాలి గురించి గొప్పలు చెప్పండి. రోజంతా అది ఏమేం చేస్తుందో చెప్పండి. గొప్పలు చెప్పడంలో హర్గీసాలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరని విన్నాను."

"ఎవడన్నాడు?" అంది అమ్మమ్మ. గొంతులో సంతోషం దాగలేదు.

ఆ సాయంత్రం అమ్మమ్మే సగల్‌తో "మీ వకీలుని పట్టుకుని మళ్ళీ అడిగించు" అంది. మిస్ ప్రిచర్డ్ అడిగింది. ఆఫీసునుంచి ఫోన్ వచ్చిన రోజు సగల్ వంటింట్లో ఉంది.

"కిందటిసారి అన్నీ నేనే చేసుకుంటానన్నారట?" అంటోంది స్పీకర్లో అవతలి గొంతు.

"అబద్ధం చెప్పానమ్మా. ఇంటికొచ్చిన మనిషి ముందు నా కీళ్ళ గోడు ఎత్తుకుంటానా? ఇప్పుడు నిజం విను. నన్ను మంచం మీంచి లేపడం నీవల్ల కాదు. మా సగల్ ముందు పక్కకి దొర్లిస్తుంది, తన మెడచుట్టూ నా చేతులు వేయించుకుంటుంది, 'డాన్స్ చేద్దామా అమ్మమ్మా' అంటుంది. అంతే, నేను నిలబడిపోతాను. తలంటితే కంట్లో ఒక్క చుక్క సబ్బు పడనివ్వదు. నీకలా తల రుద్దేవాళ్ళున్నారా?"

"లేరండీ" అంది అవతలి గొంతు, కాస్త తగ్గి.

"చూశావా! రాత్రి నేను ఎన్నిసార్లు పిలిచినా లేస్తుంది. ఒక్కసారైనా విసుక్కుంటే ఒట్టు. నా కన్నబిడ్డలకి కూడా నేను ఇంత చేయలేదు."

వంటింట్లో ఉల్లిపాయలు ఒక పక్కన, తరిగే చెయ్యి ఒక పక్కన ఉండిపోయాయి. సగల్ ఏడుస్తోంది. ఉల్లిపాయల్ని మాత్రం ఇంకా ముట్టుకోనేలేదు.

ఆ సాయంత్రం తనే గులేద్‌కి ఫోన్ చేసింది.

"టీచరమ్మగారూ" అన్నాడతను నవ్వుతూ.

"చెప్పి చచ్చిందన్నమాట ముసల్ది. గులేద్, గవర్నమెంటు డబ్బు తింటున్నానంటే నువ్వు చులకనగా చూస్తావేమోనని..."

"నేనేమనుకున్నానో తెలుసా? ఎవడో బలిసినవాడు నీ మనసు దోచాడని. నిద్ర మాని వాడికి మీసాలు కూడా ఊహించాను. తీరా చూస్తే వాడికి కట్టుడు పళ్ళు!"

సగల్ ఏడుపులోనే నవ్వేసింది.

"నాకు సిగ్గుగా ఉంది, తెలుసా" అంది.

"నాకూ. నిన్ను అనుమానించినందుకు. నువ్వు చేసేదానికి ఎవరైనా డబ్బిస్తే తీసుకో. ఇవ్వకపోతే పోట్లాడి తీసుకో. నేను వచ్చాక ఆవిణ్ణి ఎత్తే పని మాత్రం సగం నాది."

"అప్పుడు నా భత్యం సగమే ఇస్తారేమో!"

"పూర్తిగా నువ్వే తీసుకో. అమ్మమ్మ చెప్పిన ఆ డాన్స్ మాత్రం నాకు వదిలెయ్యి."

భత్యం మళ్ళీ మొదలైంది. మిస్ ప్రిచర్డ్ కాగితాలు పంపింది. చాలా నెలలు పట్టింది కానీ వీసా వచ్చింది.

గులేద్ కార్డిఫ్‌లో బస్సు దిగిన రోజు వాన. అమ్మమ్మ చక్రాల కుర్చీలో గొడుగు కింద ఉంది. గులేద్ పెట్టె పక్కన పెట్టి, మర్యాదగా ముందు ఆవిడ చేతులే అందుకున్నాడు.

"నా చేతులెందుకయ్యా? నీ పెళ్ళాం అటుంది."

సగల్ అటే ఉంది. అతని కోటు పల్చగా ఉంది. దగ్గరికొచ్చి దాని బొత్తాలు ఒక్కొక్కటే పెట్టింది. చివరి బొత్తం దగ్గర అతను ఆమె వేళ్ళు పట్టుకున్నాడు, ఇంక వదల్లేదు.

"ఆగు, మళ్ళీ చేస్తా అనవుగా?" అన్నాడు మెల్లిగా.

"అనను" అంది సగల్.

ఇద్దరూ వానలో తడుస్తున్నారు. అమ్మమ్మ గొడుగుని కాస్త వంచి, తన మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నాకేం తొందర లేదు" అంది గొడుగు వెనకనుంచి. "నేను బస్సులు చూస్తున్నాను."