సున్న పడ్డ ఇళ్లు

"వేలియ్యుండ్రి."

"ఎందుకండీ?"

"రక్తం తియ్యాలె."

"జ్వరం లేదని చెప్పానుగా."

"మొన్న ఉండెనని మీ అమ్మ చెప్పింది."

లీలావతి తల్లి వైపు చూసింది. కమలాదేవి చేటలోని బియ్యంలో రాళ్లు వెతుకుతూ తల ఎత్తలేదు.

"సరే. గుచ్చేముందు చెప్పండి."

"అయిపోయింది."

లీలావతి వేలు చూసుకుంది. రక్తపు బొట్టు అప్పటికే గాజుబిళ్ల మీదికి చేరింది.

"చెప్పమన్నానుగా!"

"చెప్తే చెయ్యి గుంజుకుంటరు. చానామందిని చూసిన."

ఆమె నవ్వింది. మహిపాల్ గాజుబిళ్లల పెట్టె మూయడం మరిచిపోయాడు.

అది 1969, వానాకాలం. తెలంగాణ ఉద్యమం వల్ల తొర్రూరులో బడులు మూతపడ్డాయి. లీలావతి రెండేళ్ల కిందట బాపట్ల నుంచి టీచరుగా వచ్చింది. వెంట తల్లి తప్ప ఎవరూ లేరు. మహిపాల్‌ది జఫర్‌గఢ్. మలేరియా శాఖలో ఉద్యోగం, బస్టాండు ఎదుట అద్దె గది. ఇంటింటికీ తిరిగి జ్వరం ఉందా అని అడగడం, ఉంటే బొట్టు రక్తం తీయడం అతని పని. అయిదు ఇళ్లకొకసారి తలుపు పక్క గోడ మీద జాజుతో, అంటే ఎర్రమట్టితో, సున్న చుట్టేవాడు. ఆ ఇళ్లను సూపర్‌వైజర్ వచ్చి తనిఖీ చేస్తాడు. ఆ సున్నకు ఉన్న అర్థం అంతే.

ఆ రోజు లీలావతి ఇంటికి సున్న పడింది.

నాలుగు రోజులకు బస్టాండు హోటల్లో పోశాలు టీ గ్లాసు చేతికిస్తూ అడిగాడు.

"సారూ, ఆంధ్రోళ్ల ఇండ్లకు గుర్తు వెడుతున్నరట గదా?"

"ఎవలు?"

"ఏమో. సున్నలైతే ఉన్నయి."

"నేనే చుట్టిన. అయిదిండ్లకొకటి."

పోశాలు గొంతు తగ్గించాడు. "సర్కారు కొలువాయె. గట్లనే చెప్పాలె తియ్. మాకెరికనే."

ఆ వాడలో పదకొండు ఇళ్లకు సున్నలున్నాయి. అందులో ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లది ఒక్కటే. మిగతా పది ఇళ్లవాళ్లు తాతముత్తాతల నాటి నుంచి అక్కడే ఉన్నారు. వారం తిరిగేసరికి ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. పాలు పోసే సుక్కి సున్న ఉన్న తలుపుల ముందు ఆగకుండా పోయింది. బావి దగ్గర ఆ ఇళ్ల ఆడవాళ్లు ఒక పక్కన నిలబడుతున్నారు. అలా నిలబడమని చెప్పింది ఎవరని మహిపాల్ వాకబు చేశాడు. అలా ఎవరూ చెప్పలేదట.

బంద్‌ల వల్ల సూపర్‌వైజర్ జీపు రాలేదు.

సాలెవాళ్ల బుచ్చికి డెబ్బై ఏళ్లు. తొర్రూరులోనే పుట్టింది, అక్కడే పెళ్లయింది. ఆమె ఇంటికీ సున్న ఉంది. జ్వరం అడగడానికి వెళ్తే తలుపు సగమే తీసింది.

"నాయినా, మా తాత ఆంధ్ర దిక్కు నుంచి వచ్చిండేమో?"

"నీకెవలు చెప్పిన్రు అవ్వా?"

"ఎవలు చెప్పలే. యాదికొస్తున్నది."



మహిపాల్ అక్కడి నుంచి నేరుగా లీలావతి ఇంటికి పోయి తడిగుడ్డతో గోడ రుద్దాడు. వాన పడుతోంది. జాజు కారిపోయింది. రుద్దిన చోట పాత వెల్ల పోయి, కింది తెలుపు బయటపడింది. అదీ సున్నలాగే ఉంది.

లీలావతి గడపలోకి వచ్చింది.

"గీసింది మీరేగా?"

"నేనే. మీది అయిదో ఇల్లు గాదు పంతులమ్మా. ఆరోది."

"లెక్క తప్పారా?"

"తప్పలే. సున్న ఉన్న ఇంటికి సూపర్‌వైజర్ ఎంబడి నేను గూడ రావాలె. మల్లొకసారి మిమ్ముల చూడొచ్చని."

చూరు నీళ్లు ఇద్దరి మధ్యా పడుతున్నాయి. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"శుక్రవారం ఖమ్మం బస్సెక్కుతున్నాం. అమ్మ సామాను సర్దేసింది."

"పోకుండ్రి."

"ఉండమని అడిగేవాళ్లు ఎవరున్నారు?"

"నేనడుగుతున్న. లగ్గం చేసుకొని ఉండుండ్రి."

ఆమె కొంగు కొసతో మెడ మీది చినుకులు తుడుచుకుంది.

"అమ్మ ఒప్పుకోదు. ఎంత మంచివాడైనా మనవాడు కాడుగా అంటుంది."

"మీరేమంటరు?"

"వేలు ఇచ్చినదాన్ని, చెయ్యి ఇవ్వలేనా?" అనేసి లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున మహిపాల్ జాజు కలిపి తన గది తలుపు పక్కన సున్న చుట్టాడు. ఎదురుగా పోశాలు పొయ్యి ఊదుతూ చూశాడు.

"గదేంది సారూ?"

"సున్న."

చేతులు కడుక్కుని వచ్చి టీ అడిగాడు. రోజూ చేతికిచ్చే గ్లాసును పోశాలు బెంచీ కొసన పెట్టి వెనక్కి జరిగాడు. బెంచీ మీద ఉన్న ఇద్దరు లేచి అవతలికి పోయారు.

"పోశాలూ, నీ ముంగటనే గీసిన గద?"

"చూసిన సారూ."

"మరి?"

పోశాలు తన కుడిచెయ్యి చూసుకున్నాడు.

"ఏమో సారూ. చెయ్యి రాలే."

అంతలో తల్లీకూతుళ్లు రిక్షాలో వచ్చారు. కమలాదేవి దిగి, ఎదురుగా అతని గది గోడ మీది సున్న చూసింది. ఖాళీ బెంచీ చూసింది. దాని కొసన చల్లారుతున్న టీ చూసింది.

"బాబూ, నీకూ పెట్టారా?"

"నేనే పెట్టుకున్ననమ్మా."

"అలాగే అంటావులే, మేం భయపడతామని."

ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది. ఊరివాళ్లెవరి పక్కనా ఆమె రెండేళ్లలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. బస్సు వచ్చింది. హారన్ కొట్టింది. రిక్షాలో పెట్టె అలాగే ఉంది. బస్సు పోయింది.

"మీ అమ్మగారు ఉన్నారా బాబూ?"

"ఉన్నది. జఫర్‌గఢ్‌ల."

"ఓసారి తీసుకురా, మాట్లాడాలి." కూతురి వైపు తిరిగింది. "నిలబడ్డావేమే? కూర్చో. మనవాడే."

లీలావతి అతనికి మరోపక్క కూర్చుంది. బెంచీ మీద అతని చేతి మీద చెయ్యి వేసింది. నవ్వు ఆపుకోలేక ఆమె భుజాలు కదులుతున్నాయి.

కమలాదేవి వీధి పొడుగునా ఒక్కొక్క తలుపే చూసుకుంటూ పోయింది.

"పెళ్లికి బుచ్చమ్మనీ, మిగతా తొమ్మిదిళ్లవాళ్లనీ పిలుద్దాం. సున్న లేనివాళ్లు ఒక్కరూ రాకూడదు. వాళ్లెలాంటివాళ్లో మనకేం తెలుసు?"

లీలావతి భుజాలు ఆగిపోయాయి. మహిపాల్ చేతి మీద ఆమె చెయ్యి చల్లబడింది. ఆమె దాన్ని తీయలేదు.